కుడివైపు ఫొటో

కోతలక్క కిడ్నీలు రెండూ నిక్షేపంలా ఉన్నాయని డాక్టరమ్మ చెప్పిన రోజున, ఆ వార్త కోతలక్క కంటే ముందే ఇల్లు చేరింది. ఆస్పత్రి మెట్ల దగ్గర మొదలుపెట్టి, బస్సులో పక్క సీటావిడకి, బస్సు దిగాక చెప్పులు కుట్టేవాడికి, చివరికి తన కొట్టు పక్కన గడియారాలు బాగుచేసే ముసలాయనకి చెప్పేసింది. చెప్పిన చోటల్లా కిడ్నీ ఓ అంగుళం పెరిగింది. ముసలాయన దాకా వచ్చేసరికి గుమ్మడికాయంత అయింది.

"అంత కిడ్నీ పెట్టుకుని ఇన్నేళ్లూ ఆ స్టూలు మీద ఎలా కూర్చున్నావే," అన్నాడాయన, కంటికున్న భూతద్దం తీయకుండానే.

"అందుకేగా బాబాయ్, ఒకటి దింపేసుకుంటున్నా."

ఆవిడది బట్టలు కుట్టే పని. గుడ్డ కోతలో ఎంత పనిమంతురాలో మాటల కోతల్లోనూ అంతే, అందుకే ఆ పేరు. ఒకసారి పెళ్లివారి జాకెట్లు ముప్పై ఒకే పూటలో కుట్టేస్తే మిషను సూది ఎర్రగా కాలిందనీ, ఆ సూది ముంచి చెంబెడు టీ కాచుకున్నాననీ ఇప్పటికీ చెబుతుంది. వినేవాళ్లు ఆ టీలో పంచదార ఎంత వేశావని అడుగుతారే తప్ప, అబద్ధమని ఒక్కరూ అనరు.

కిడ్నీ కావలసింది ఆవిడ చెల్లెలికి. అందరూ చిన్నది అనే పిలుస్తారు, నలభై ఆరేళ్లు వచ్చినా. పోస్టాఫీసులో కూర్చుని ఇరవై ఏళ్లు ఉత్తరాల మీద ముద్రలు కొట్టింది. నవ్వితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండే మనిషి. అక్క చెప్పే పది మాటల్లో తొమ్మిది గాలివేనని తెలుసు, పదోది ఏదని ఎప్పుడూ అడగలేదు.

రెండేళ్ల కింద చిన్నది పొద్దున్న లేచేసరికి ముఖం ఉబ్బి, అద్దంలో తనను తానే గుర్తుపట్టలేకపోయింది. స్కానింగు తీశారు. నడుము మీద జిగురు రాసి చిన్న పెట్టెలాంటిది అటూ ఇటూ జరుపుతుంటే తెర మీద బూడిదరంగు మరకలు కదిలాయి. డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. కిడ్నీ కుంచించుకుపోయిందట. లోపల దెబ్బ తగిలిన చోటల్లా మచ్చ కడుతూ వచ్చిందట. మచ్చ కట్టిన చోటు గట్టిపడుతుంది, ఇక రక్తాన్ని వడకట్టదు.

కోతలక్క తెర వంక కాసేపు చూసి, అయితే ఇది రఫ్ఫు మీద రఫ్ఫు వేసిన గుడ్డ అంది. చిరుగు మూసుకుంటుంది గానీ అక్కడ గుడ్డ అట్ట కట్టేస్తుంది, గాలి దూరదు, నీళ్లు దిగవు. డాక్టరమ్మ ఆశ్చర్యపోయి, పదేళ్లు చదివి నేను చెప్పలేనిది ఒక్క ముక్కలో చెప్పేశావమ్మా అంది. దాన్ని ఉతికి విప్పే మార్గం లేదా అని కోతలక్క అడిగింది. లేదంది డాక్టరమ్మ. అప్పట్నుంచీ వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు, చిన్నది డయాలసిస్ గదిలో మిషనుకు చేయి అప్పగించి పడుకుంటోంది.

చిన్నదాని మొగుడి రక్తం కలవలేదు. కోతలక్కది కలిసింది. ఆ రోజు ఆవిడ ఆస్పత్రి వరండాలో గంతు వేసిందని కొందరంటారు, వేయబోయి కాలు బెణికిందని ఆవిడే అంటుంది.

రక్తం కలిసిన పది రోజులకి, కొట్టులో తన కోసం జాకెట్టు ఒకటి ఒంటి మీదే పెట్టి అమర్చుకుంటూ, కుడివైపు రొమ్ము దగ్గర పిన్ను గుచ్చబోయింది. వేలికి ఏదో తగిలింది. కోటు గుండీ అంత ఉంది. నొప్పి లేదు. నొక్కితే జారలేదు. లోపల ఎవరో దారంతో బిగించి కుట్టేసినట్టుంది.

ఎడమవైపు వెతికింది. లేదు. మళ్లీ కుడివైపు. ఉంది.

ఆవిడకి తెలియక కాదు. అలాంటి గుండీలున్న ఆడవాళ్ల కొలతలు ఆవిడ టేపు ఎన్ని తీయలేదు, ఏడాది తిరక్కుండా అవే బట్టలు ఎన్ని బిగించలేదు. కానీ ఆస్పత్రివాళ్ల చెవిన పడితే కిడ్నీ వద్దంటారేమోనన్న భయం దాన్ని మించిపోయింది. ముందు కిడ్నీ ఇచ్చేద్దాం, తర్వాత దీని అంతు చూద్దాం అనుకుంది. జాకెట్టు ఆ పక్క కాస్త వదులు చేసుకుని పనిలో పడిపోయింది.

అలా ఐదు నెలలు. రక్తాలు, మూత్రాలు, గుండె, పొట్ట, అన్నీ చూశారు. అన్నీ నెగ్గింది. కిడ్నీల ఫొటో కూడా నెగ్గాక, ఒక నర్సు కాగితం చూసి, మీ వయసువాళ్లకి రొమ్ము ఫొటో ఒకటి మిగిలిందమ్మా అంది. కోతలక్క ఆ కాగితం లాక్కుని చూసింది. కిడ్నీ నడుము దగ్గర కదా, ఇక్కడ ఫొటో ఎందుకని గొణిగింది. ఇచ్చేవాళ్లని నిలువెల్లా చూస్తామంది నర్సు.

ఫొటోల గది చల్లగా ఉంది. నిలువెత్తు యంత్రం, దానికి రెండు పలకలు. వాటి మధ్య రొమ్ము పెట్టి నొక్కి తీస్తారు. తీసే అమ్మాయి ఆవిడకి ఆస్పత్రి గౌను ఇచ్చింది. దాన్ని కుట్టినవాడు బస్తాకి కొలత తీసుకుని మనిషికి తొడిగాడని కోతలక్క ఎగతాళి చేసింది. అమ్మాయి పకపకా నవ్వింది. ఎడమవైపు పెట్టించుకుంటున్నప్పుడు కూడా ఊరుకోలేదు. ఈ యంత్రం మా ఇస్త్రీ పెట్టెకి మేనత్త కూతురిలా ఉందే అంది.

ఎడమవైపు అయింది. ఇక కుడివైపు రమ్మంది అమ్మాయి. కోతలక్క కదల్లేదు.

"నీకో కిటుకు చెప్తా, విను," అంది. "మేం చొక్కా చేతులు రెండూ వేరువేరుగా గీసుకోం. ఒకటి గీసి, ఆ కాగితాన్నే తిరగేసి రెండోది కోస్తాం. దేవుడు కూడా అంతే కదా. ఇప్పుడు తీసిన ఫొటోనే తిరగేసి, కుడివైపు అని రాసెయ్యి. నీకూ శ్రమ తప్పుతుంది, నాకూ చలి తప్పుతుంది."

అమ్మాయి నవ్వబోయింది. అంతలో ఆవిడ కుడిచేయి కంటపడింది. ఆ చేయి గౌను అంచుని పిడికిట్లో పట్టుకుని రొమ్ముకి అదిమేసుకుని ఉంది. వేళ్లు తెల్లబడ్డాయి. అమ్మాయి నవ్వు సగంలో ఆగిపోయింది.

"కుడివైపు ఎక్కడుందో మీరే చూపించండమ్మా."

కోతలక్క గోడ వంక చూసింది. "నెల తిరక్కుండా మా చెల్లికి కిడ్నీ వేస్తామన్నారు. అది అవనీ. ఆ తర్వాత ఎన్ని ఫొటోలన్నా తీసుకో తల్లీ. పారిపోను, ఒట్టు."

"తిరగేసి పెట్టడం నాకు చేతకాదు. చేతనైనా పెట్టను." అంటూనే ఆ అమ్మాయి తన అరచేతులు రెండూ రుద్ది వేడి చేసుకుని, ఆ పిడికిలిని ఒక్కొక్క వేలూ విప్పింది.

తెర మీద తెల్లటి చుక్క పడింది. దాని అంచు గుండ్రంగా లేదు. కుట్టకుండా వదిలేసిన గుడ్డ చివరలా పీచులు పీచులుగా నాలుగు పక్కలా విడిపోయింది. ఏ పీచు ఎటు పోతుందో చూడటం కోతలక్కకి కొత్త కాదు. ఏమీ అడగలేదు. పక్క గదిలో జిగురు రాసి మళ్లీ చూశారు, సూది గుచ్చి చిన్న ముక్క తీశారు, ఫలితానికి వారం పడుతుందన్నారు. ఆ వారమంతా చిన్నదానికి, ఫొటోల గది ముందు వరుస బస్టాండు దాకా ఉందే అని చెప్పింది.

వారం తర్వాత డాక్టరమ్మ తలుపు వేసి కూర్చోబెట్టింది. అది క్యాన్సరేనంది. చంకలో గడ్డల దాకా పాకిందంది. ఐదు నెలల కిందే వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి ఆ మాట మింగేసింది.

కోతలక్కకి ఆ గొడవ పట్టలేదు. కిడ్నీ సంగతి అడిగింది. కుదరదంది డాక్టరమ్మ.

"పై అంతస్తులో నీళ్లు కారుతున్నాయని కింది వాటా అద్దెకివ్వడం మానేస్తారా ఎవరైనా."

"నీళ్లు కారితే తడిసేది కింది వాటానేగా," అంది డాక్టరమ్మ మెల్లగా. ఆ తర్వాత విడమర్చి చెప్పింది. కొత్త కిడ్నీని ఒళ్లు తోసెయ్యకుండా చిన్నదానికి ఒంటి బలం తగ్గించే మందులు వేస్తారు. కిడ్నీతో పాటు ఈ జబ్బు నలుసంత వెళ్లినా చాలు, అక్కడ దాన్ని అడ్డేవాళ్లు ఉండరు.

"గుడ్డలో సూది మర్చిపోయి కుట్టేసి, వేసుకోవే అని ఇచ్చేదాన్నన్నమాట," అంది కోతలక్క.

అటునుంచి అటే డయాలసిస్ గదికి వెళ్లింది. చిన్నది మిషను పక్కన పడుకుని ఉంది. దాని రక్తం గొట్టంలో బయటికి వచ్చి, గొట్టంలో లోపలికి పోతోంది. ఏమన్నారని కళ్లతోనే అడిగింది.

నా కిడ్నీ నీకు సైజు చాలదటే, మరీ పెద్దదయిపోయిందట అంది కోతలక్క. లోపల పెడితే నువ్వు ఒక పక్కకి ఒరిగి నడుస్తావట అని కూడా అంది. చిన్నది రెప్ప వేయకుండా చూసింది. ఇరవై ఏళ్లు ఉత్తరాల మీద చిరునామాలు చూసిన కళ్లవి. ఏది దారి తప్పిందో వాటికి చెప్పనక్కర్లేదు.

కోతలక్క ఇంక పొడిగించలేదు. సూదుల్లేని చేతిని తీసుకుని తన కుడివైపు పెట్టుకుంది. చిన్నదాని వేళ్లు ముందు ఊరికే ఉన్నాయి. తర్వాత ఒకచోట ఆగిపోయాయి.

"ఎప్పట్నుంచి?"

"నా రక్తం కలిసిందన్నారు చూడు, ఆ తర్వాత పది రోజులకి."

"నీ మాటలన్నీ నమ్మినట్టు నటించేదాన్నక్కా. నాకేం, గుండ్రాయిలా ఉన్నానని నువ్వంటే మాత్రం నిజంగానే నమ్మాను."

"నీకు కిడ్నీ పడితే చాలనుకున్నానే."

"అప్పుడే చెప్పి ఉంటే ఇద్దరిలో ఒక్కరమైనా బాగుండేవాళ్లం."

"ఆ ఒక్కరూ నువ్వు కావాలనే."

చిన్నది చేయి వెనక్కి లాక్కుని గోడవైపు తిరిగింది. మిషను ఇంకో రెండు గంటలు తిరిగింది. సూదులు తీయడానికి నర్సు వచ్చాక, ఆవిడకి ఆపరేషను ఎప్పుడో కనుక్కోండి సిస్టర్ అంది చిన్నది, గోడతోనే చెప్పినట్టు. ఎవరో తెలియని వాళ్ల కిడ్నీ కోసం ఆ రోజే చిన్నదాని పేరు పెద్ద జాబితాలో చివర రాశారు. ఏళ్లు పట్టచ్చన్నారు.

కోతలక్క రొమ్ము ఆపరేషను గురువారం పడింది. గురువారం చిన్నదానికి మిషను రోజు. పోస్టాఫీసులో పై అధికారి ముందు కూడా గొంతు పెంచని మనిషి రోజు మార్చమని ఆ డయాలసిస్ నర్సుతో పోట్లాడింది. బుధవారం ఖాళీ లేదు, ఒక పూట మానేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని నర్సు ఒప్పుకోలేదు. చిన్నదాని మొగుణ్ణి వెళ్లి అక్క దగ్గరుండమని చిన్నది తోలింది, వెళ్లి చిన్నదాని దగ్గరుండమని కోతలక్క తోలింది. ఎవరి మాట వినాలో తేలక ఆ మరిది కోతలక్క ఉన్న రెండో అంతస్తుకీ చిన్నది ఉన్న మూడో అంతస్తుకీ మధ్య మెట్ల మీద నిలబడిపోయాడు.

కోతలక్కని చక్రాల బల్ల మీద పడుకోబెట్టి లిఫ్టులోకి తోశారు. ఆపరేషను నాలుగో అంతస్తులో. మూడులో ఒక్క క్షణం ఆపవయ్యా అంది బల్ల తోసే మనిషితో. డాక్టర్లు ఎదురుచూస్తున్నారన్నాడు. అంటూనే మూడు నొక్కాడు.

తలుపులు తెరుచుకున్నాయి. అక్కణ్నుంచి డయాలసిస్ గది లోపల కనబడదు. మూసిన తలుపు, దాని ముందు చెప్పుల వరుస కనబడ్డాయి. చివర ఉన్నవి చిన్నదానివి. పాదాలు వాచి పట్టకపోయేసరికి పట్టీలు ఎవరో కత్తెరతో కోసినట్టుంది. కోత వంకరగా ఉంది. ఎవరి చేత కోయించుకుందో, తనని మాత్రం అడగలేదు.

"వెళ్దామా అమ్మా," అన్నాడతను.

కోతలక్క తల ఊపింది.