వెళ్లేవాడు ఓడిపోవాలి

మా అబ్బాయి అనిరుధ్, వాడి స్నేహితుడు శ్రేయాస్ కాలేజీ అయినప్పట్నుంచి జంటగా రెజ్లింగ్ చేశారు. టీవీలో వచ్చే పెద్ద కంపెనీల్లో కాదు. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో స్కూలు జిమ్ముల్లోనూ ఫైర్ స్టేషన్ హాళ్లలోనూ మడత కుర్చీలు వేసి ఆడించే చిన్న కంపెనీల్లో. వారమంతా ఇద్దరూ ఆఫీసులకి వెళ్లేవారు. శనివారం వచ్చిందంటే బూట్లు, మోకాలి పట్టీలు కార్‌లో పడేసుకుని బయల్దేరేవారు.

మొదట్లో ఒక ప్రమోటర్ వాళ్లకి తలపాగాలు చుట్టి మహారాజులన్నాడు. రెండో ఆటకే శ్రేయాస్ తలపాగా తీసి ఆయన బల్ల మీద పెట్టి, "మేం ఇక్కడే జెర్సీలో, పిస్కాటవేలో పుట్టాం, మాకు ఏనుగెక్కడం రాదు" అని వచ్చేశాడట. ఆ తర్వాత నారింజ రంగు చొక్కాలు, ప్లాస్టిక్ టోపీలు పెట్టుకుని రోడ్డు పనివాళ్లలా దిగారు. జంట పేరు 'రోడ్ వర్క్'. రింగ్‌కి వస్తూ వస్తూ నడిచే దారిలో, రోడ్డు మూసేటప్పుడు పెట్టే నారింజ రంగు కోన్లు అడ్డంగా పెట్టేవారు. జెర్సీ జనానికి రోడ్డు పని అంటే ఎంత మంటో చెప్పక్కర్లేదు. కోన్లు చూడగానే హాలంతా తిట్లు మొదలు. విలన్ల వేషం కాబట్టి వీళ్లకి కావలసిందీ అదే.

గాల్లో పల్టీలు కొట్టడం ఇద్దరికీ రాదు. మొరటు ఆట. అరచేత్తో ఛాతీ మీద కొడితే వెనక వరసలో కూర్చున్న నాకు వినిపించేది. ఆదివారం పొద్దున నా ఫ్రీజర్‌లో ఉన్న బెండకాయ ప్యాకెట్లన్నీ వాళ్ల భుజాల మీద, మోకాళ్ల మీద ఉండేవి. ఆ ప్యాకెట్లు మళ్లీ వండటానికి పనికొచ్చేవి కావు.

మా ఆయన చనిపోయిన ఏడాది, చలికాలంలో అనిరుధ్ ఊళ్లో లేనప్పుడు, మా వాకిట్లో మంచు ఎత్తిపోసింది శ్రేయాసే. అడక్కుండా వచ్చి, పని చేసి, "ఆంటీ, టీ" అని తలుపు కొట్టేవాడు.

మొన్న చలికాలంలో అలా టీ తాగుతూనే కప్పు జారవిడిచాడు. "చెయ్యి నిద్రపోయింది ఆంటీ" అని నవ్వాడు. తర్వాత అది తరచుగా తిమ్మిరెక్కి అలాగే నిద్రపోయేది. వాడి భార్య దియ పట్టుబట్టి స్కాన్ చేయించింది. మెడ ఎముకల మధ్య నరం నలిగిపోతోందని, ఇంకోసారి గట్టిగా పడితే చేతులు పనిచేయకపోవచ్చని డాక్టర్ చెప్పాడు. ఆట మానేస్తానని శ్రేయాస్ ఒప్పుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఫ్లోరిడాలోని ఒక పెద్ద కంపెనీ వాళ్లు, నచ్చితే తీసుకుంటామని, అనిరుధ్ ఆట చూడటానికి మనిషిని పంపుతున్నామన్నారు. ఒక్క అనిరుధ్‌దే.

ఆ వృత్తిలో గెలుపోటములు ముందే అనుకుంటారు, దానికీ ఒక పద్ధతి ఉంది. ఆట మానేసి వెళ్లిపోయేవాడు ఆటలో ఉండేవాడి చేతిలో ఓడిపోయి వెళ్లాలి. ఇన్నాళ్లూ జనంలో తను సంపాదించుకున్న పేరు అలా అవతలివాడికి అప్పజెప్పాలి. ఓడకుండా వెళ్లినవాణ్ణి తోటి ఆటగాళ్లు మర్యాదగా చూడరు. ఈ సంగతి మా వంటింట్లో, పెరుగన్నం తింటూ శ్రేయాసే నాకు చెప్పాడు.

"మైక్ తీసుకుని నేనే చెప్పేస్తా, నువ్వు రిటైరయ్యావని. అయిపోతుంది" అన్నాడు అనిరుధ్.

"చెప్పేస్తావా? ట్రైన్ లేటని అనౌన్స్ చేస్తున్నావా?"

"నీ మెడ సంగతి తెలిసి నేనెలా ఆడతాన్రా? ఇలాంటి మెడతో ఎవరైనా రింగెక్కుతారా?"

"అలాంటి ముఖంతో నువ్వెక్కట్లేదా? జనం చూడట్లేదా?"

నేను కలగజేసుకున్నాను. "ఆ ఫ్లోరిడా ఆయనకి కావలసింది వీడి ఆటే కదా నాయనా. ఇంకెవరితోనన్నా ఆడి చూపిస్తాడు. నువ్వు కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టు."

"ఎవరితో ఆంటీ? వీడు ఎవడితో ఆడినా సామాను దించుతున్నట్టు ఉంటుంది. నాతో ఆడితేనే రెజ్లర్‌లా కనిపిస్తాడు. కావాలంటే వాణ్ణే అడగండి."

అది నిజమని అనిరుధ్‌కీ తెలుసు.

చివరికి, వచ్చే ఆదివారం ఆట గురించి ఒక ఒప్పందానికి వచ్చారు. ఎత్తడాలూ పడేయడాలూ ఉండవు. కాసేపు కొట్టుకుంటారు, అనిరుధ్ వాడి కాళ్లు చుట్టి నేలకి అదిమి పెడతాడు, రిఫరీ మూడు లెక్కపెట్టగానే శ్రేయాస్ ఓడినట్టు. శ్రేయాస్ "సరే" అన్నాడు.

దియ నాకు ఫోన్ చేసింది. "అంత ఈజీగా ఒప్పుకున్నాడంటేనే భయంగా ఉంది ఆంటీ. మీరు చెప్పండి, మీ మాటైతే వింటాడు."

"నేను చెబుతున్నంతసేపూ బుద్ధిగా వింటాడమ్మా" అన్నాను.

అయినా చెప్పాను. బతిమాలాను. వాడు అంతా విని, "సండే ముందు వరసలో కూర్చోండి ఆంటీ, వెనక నుంచి ఏం కనబడదు" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. శ్రేయాస్‌కి ఇదే ఆఖరి ఆట అని జనానికి తెలిసింది. ఇన్నేళ్లూ తిట్టినవాళ్లు ఆ రోజు కోన్లు పెడుతుంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నారింజ చొక్కాలు వేసుకొచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ఫ్లోరిడా ఆయన రింగ్‌కి అవతలి పక్క చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

గంట కొట్టారు. ఇద్దరూ ఛాతీల మీద కొట్టుకున్నారు. అనిరుధ్ చెయ్యి మెడ దాకా రాకుండా జాగ్రత్తపడటం నాకు కనిపిస్తూనే ఉంది. అది జనానికీ కనిపించినట్టుంది, చప్పట్లు పలచబడ్డాయి. ఫ్లోరిడా ఆయన ఫోన్ చూసుకున్నాడు. శ్రేయాస్ కూడా అది చూశాడు.

అనిరుధ్ కాళ్లు చుట్టడానికి వంగాడు. శ్రేయాస్ తప్పుకున్నాడు. మళ్లీ వంగాడు. మళ్లీ తప్పుకున్నాడు.

"ఏం చేస్తున్నాడు ఆంటీ? ఏం చేస్తున్నాడు?" అని పక్కన కూర్చున్న దియ నా మోచెయ్యి పట్టుకుంది.

ఎవరో "పాట్‌హోల్!" అని అరిచారు. మనిషిని తలకిందులుగా ఎత్తి వెనక్కి పడే అనిరుధ్ పట్టుకి, రోడ్డు మీద గుంత అని, పెట్టుకున్న పేరది. క్షణంలో హాలంతా అదే అరుపు. అనిరుధ్ వద్దన్నట్టు తల ఊపాడు. శ్రేయాస్ పరుగెత్తుకొచ్చి, వాడి చంక కింద తల దూర్చి, ఎగిరాడు.

చూసేవాళ్లు ఎత్తేవాడి బలం అనుకుంటారు గానీ, ఆ ఆటలో పడేవాడే ఎగరాలి. ఎగరదలుచుకున్నవాణ్ణి ఆపడం కష్టం. శ్రేయాస్ కాళ్లు పైకి లేచిపోయాయి. అప్పటికే బరువు వెనక్కి ఒరిగిందనీ, వదిలేస్తే నేరుగా తల మీద పడేవాడనీ, పట్టుకుని తనూ వెనక్కి పడటం తప్ప దారి లేకపోయిందనీ అనిరుధ్ తర్వాత చెప్పాడు. ఆ క్షణంలో నాకు కనిపించింది అనిరుధ్ కళ్లే. "అనీ!" అని అరిచాను. అంత గోలలో నా గొంతు నాకే వినిపించలేదు.

ఇద్దరూ పడ్డారు. ఫ్లోరిడా ఆయన లేచి నిలబడ్డాడు.

అనిరుధ్ వాడి మీద చెయ్యి వేయలేదు. పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఏదో అడుగుతున్నాడు. శ్రేయాస్ పెదవులు కదిలాయి. అప్పుడు వేశాడు చెయ్యి. జనం కూడా రిఫరీతో కలిసి లెక్కపెట్టారు, ఒకటి, రెండు, మూడు. చప్పట్లతో రేకుల కప్పు అదిరింది.

రిఫరీ వంగి చూసి, రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు. దెబ్బ నిజంగా తగిలిందని లోపలివాళ్లకి చెప్పే సైగ అది. దియ రెయిలింగ్ దాటేసింది. స్ట్రెచర్ వచ్చింది. ఆంబులెన్స్‌లో వచ్చినతను శ్రేయాస్ కాలి వేళ్లు నొక్కితే కదిలాయి. చేతి వేళ్లు నొక్కి, మళ్లీ నొక్కి, మెడకి పట్టీ వేశాడు. బండిలో ఒక్కరే రావాలన్నాడు. దియ ఎక్కింది.

అనిరుధ్ బూట్లతోనే కార్ దగ్గరికి పరుగెత్తబోయాడు. తలుపు దగ్గర నారింజ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి ఆపి, చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఆ స్ట్రెచర్, ఆంబులెన్స్! నిజమనుకుని ఏడ్చేశాను తెలుసా? ఇంతకు ముందు ఇలాంటి ఫినిష్ చూడలేదు. శ్రేయాస్‌కి చెప్పండి."

చూడటానికి వచ్చినవాళ్లకి లోపలి సంగతి చెప్పకూడదు. అది కూడా ఆ వృత్తిలో పద్ధతే.

"థాంక్స్" అన్నాడు అనిరుధ్.

వెనక ఫోటోల కోసం జనం మూగారు. వాళ్లని తోసుకుంటూ ఫ్లోరిడా ఆయన చెయ్యి చాపి వస్తున్నాడు. అనిరుధ్ నా వైపు చూసి కార్ తాళాలు నా చేతిలో పెట్టాడు, నన్నైనా పొమ్మన్నట్టు. వాటిని పట్టుకుని పార్కింగ్‌లోకి వచ్చాను. ఆంబులెన్స్ మలుపు తిరిగింది. నాకు డ్రైవింగ్ రాదు.