నడుము కొలత

మా దుకాణంలో కొలతలు తీసేది మా ఆవిడ, గుడ్డ కత్తిరించేది నేను. ఇరవై రెండేళ్లుగా ఆమె పుస్తకంలో రాసిన అంకె చూసి కత్తెర పెట్టడమే తప్ప, ఒక్కసారైనా మళ్లీ టేపు పట్టి సరిచూసినవాణ్ణి కాదు. ఆమె ముప్పావు అంటే ముప్పావే.

అలాంటి మనిషి ఒకరోజు పుస్తకం చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. అందులో ఉన్నవి తన కొలతలే. మూడు నెలల్లో నడుము ముప్పై రెండు నుంచి ముప్పై ఆరయింది. చేతుల లావు మాత్రం అంగుళం తగ్గింది.

"లావెక్కితే ఒళ్లంతా ఎక్కాలి కదండీ. పొట్ట ఒక్కటే పెరగడమేంటి? రెండు ముద్దలకే నిండిపోతోంది" అంది.

మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరికి వెళ్లాం. మంచివాడని పేరు. ఆయన తెల్లకోట్లు కుట్టేది కూడా మేమే. మా ఆవిడ పుస్తకం చూపించబోతే చేత్తోనే వారించాడు.

"ఈ వయసులో నడుము పెరగక తగ్గుతుందా అమ్మా? గ్యాసు, అంతే."

పొట్ట మీద చెయ్యి కూడా వేసి చూడలేదు. ఆమె పట్టు వదలకపోయేసరికి నా వైపు తిరిగి నవ్వాడు. "ఇంట్లో కూడా ఇంతేనా? అన్నిటికీ కంగారేనా?"

ఇక్కడే నేను వెలగబెట్టిన నిర్వాకం చెప్పాలి. పెద్దమనిషి నవ్వుతూ అడిగాడు కదా అని నేనూ నవ్వాను. "అబ్బో, ఒక్క సూది కనపడకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది డాక్టరుగారూ" అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఆయన ఏదో రాసుకున్నాడు. బయటికొచ్చాక ఆమె అంది, "సూది పోతే వెతకొద్దా? ఎవరి కాల్లోనైనా దిగితే?" నేను దానికీ నవ్వాను.

రెండోసారి వెళ్లేసరికి నడుము ముప్పై ఏడున్నర. "మీవారే చెప్పారు కదమ్మా, మీకు కంగారెక్కువని" అంటూ నిద్రమాత్రలు రాశాడు. మూడోసారి వెళ్దామంటే నేనే విసుక్కున్నాను. "చదువుకున్నది ఆయనా, నువ్వా?" అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది. ఆమె తన బట్టల కుట్లు తనే విప్పి వదులు చేసుకుంది.

ఊపిరాడక పడిపోయిన రోజున పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. పొట్టలోంచి నీళ్లు తీశారు. అండాశయంలో మొదలైన క్యాన్సరు అప్పటికే కడుపంతా పాకిందట. "ముందే చూపించుకోవాలి కదా" అంది అక్కడి డాక్టరమ్మ.

మా ఆవిడ పుస్తకం తీసి ఇచ్చింది. డాక్టరమ్మ ఒక్కొక్క తేదీ మీద వేలు పెట్టి చదివింది. తర్వాత ఆసుపత్రివాళ్లు అడిగితే మా డాక్టరు పంపిన కాగితం పైకే చదివింది. "భర్త చెప్పిన ప్రకారం, రోగి ప్రతి చిన్న విషయానికీ కంగారుపడతారు." నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆవిడ నా వైపు చూడలేదు. తిట్టినా నాకు కాస్త నయంగా ఉండేది.

ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. దుకాణం వెనక గదిలో మంచం వేశాను. మిషను చప్పుడు వినపడే చోట ఉంటానని తనే అడిగింది.

నిన్న పొద్దున డాక్టరు వచ్చాడు. ఆమెను చూడటానికి అనుకున్నాను. చేతిలో కోటు ఉంది.

"భుజాల దగ్గర బిగుతుగా ఉందయ్యా. చెయ్యెత్తితే పట్టేస్తోంది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన కోటు తొడుక్కుని నిలబడితే, ముట్టుకోకుండానే అన్నాను, "కోటు సరిగ్గానే ఉంది డాక్టరుగారూ. అంతా మీ కంగారు."

ఆయన ముఖం మాడిపోయింది. ఆ మాట అంటే నా కడుపులో మంట చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు.

వెనక గదిలోంచి మా ఆవిడ గొంతు వినపడింది. మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"ఏమండీ... తొడుక్కున్నాయన బిగుతంటున్నారుగా. బిగుతే అయ్యుంటుంది. టేపు పెట్టి చూడండి."

పెట్టి చూశాను. అరంగుళం తక్కువుంది. ఆమెకు నిలబడే ఓపిక పోయిన రోజుల్లో, నేను కొలత తీసి కుట్టిన కోటది.

కుట్లు విప్పడానికి కూర్చున్నాను. డాక్టరు వెనక గది గుమ్మం వైపు ఒకసారి చూశాడు. కోటు ఎప్పటికి అవుతుందని అడిగాడు.