సగం గీసిన గడ్డం

వారానికోసారి ఊళ్లోంచి వచ్చే ఆ బార్బర్ నోటికి తాళం ఉండదు. అతని కబుర్ల కోసమే ఆ సైనిక శిబిరంలో సగంమందికి సరిగ్గా ఆ రోజుకే గడ్డం పెరిగేది. ఒక హవల్దారైతే వరస కలిపి "బావా" అని పిలిచేవాడు. బార్బర్ కూతురికి జ్వరమొస్తే మిలిటరీ ఆసుపత్రిలో మందులిప్పించింది కూడా ఆయనే.

ఆ ఉదయం హవల్దారుకి ఒక చెంప నున్నగా అయింది. రెండో చెంప మీద నురగ ఉండగానే గేటు దగ్గర పెద్ద పేలుడు, వెంటనే తుపాకుల మోత. బార్బర్ క్షవరం గది తలుపు గడియ పెట్టాడు. ఇద్దరూ కుర్చీ వెనక నక్కారు. హవల్దారు తుపాకీ బారక్‌లో ఉండిపోయింది. కిటికీకి ఇనుప చువ్వలు.

బయట మైకు అరిచింది: "పనివాళ్ల వేషంలో చొరబడ్డారు! అనుమానమొస్తే కాల్చేయండి!"

బార్బర్ జేబు తడుముకున్నాడు. గుర్తింపు కార్డు గేటు దగ్గరే ఇచ్చి రావాలి, అది రూలు. ఆ గేటేమో తగలబడుతోంది. తాను ఫలానా అని చెప్పడానికి ఇక ఈయన ఒక్కడే దిక్కు.

"నువ్వున్నావు కదా బావా, నాకేం భయం!"

హవల్దారు అతని ముఖాన్నీ, చేతిలోని కత్తినీ కొత్తగా చూశాడు.

భయమేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. మనవాడు పనిని తలుచుకున్నాడు. "నురగ ఎండిపోతోంది, ఆ సగమూ గీసేస్తా," అంటూ కత్తితో దగ్గరికి జరిగాడు. మంచి ముహూర్తమే చూసుకున్నాడు పిచ్చి మారాజు!

"దగ్గరికి రాకు." హవల్దారు వీపు గోడకి అతుక్కుంది. "అది కింద పెట్టు. నీ రోజు రేపు కదా, ఇవాళెందుకొచ్చావ్?"

"రేపు పాపని బళ్లో వెయ్యాలి. నీకు చెప్పాగా!"

చెప్పాడో లేదో హవల్దారుకి గుర్తురాలేదు. వెయ్యి కబుర్లు చెప్పేవాడితో ఇదే తంటా. బార్బర్ కత్తిని మూలకి విసిరేశాడు. అయినా హవల్దారు చూపు మారలేదు. బయటి తుపాకుల కన్నా ఆ చూపే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

చివరికి కాల్పులు ఆగాయి. బూట్ల చప్పుడు వచ్చి తలుపు బద్దలైంది. సొంత సైనికులే. యూనిఫాం చూసి హవల్దారుని పక్కకి లాగారు. తుపాకులన్నీ బార్బర్ వైపు తిరిగాయి.

"ఎవడు వీడు? మనవాడేనా?" అడిగాడు ఆఫీసరు.

"చెప్పు బావా," అన్నాడు బార్బర్, చేతులు పైకెత్తి.

హవల్దారు నోరు తెరిచాడు. ఒకవేళ తన మాట తప్పైతే?

"గడ్డం గీస్తాడు సార్," అన్నాడు కళ్లు దించుకుని. "అంతకుమించి నాకు తెలీదు."