ఒక్క ఇంట్లో మూడు వాటాలు

ఉప్పుగాలి. కిటికీ చువ్వల మీద, మీటల మీద, పెదవుల మీద... ఉప్పు.

సురియాని తెర తుడిచింది. మళ్లీ తుడిచింది.

ఇండోనేషియాలో మకస్సార్ రేవుకి ఎదురుగా, సముద్రం నడుమ చిన్న దీవి. పడవల వాళ్లకి ముప్పు చెప్పే గదిలో ఒక్కటే కంప్యూటర్. దాన్ని చూసుకునేది సురియాని.

పాత ప్రోగ్రాం ఒకటి — దీవి రేవులో తేలే డబ్బా నుంచి తీగ మీదుగా వచ్చే నీటి ఎత్తు చదువుతుంది. పట్నం పంపిన కొత్తది ఒకటి — ఇంటర్నెట్‌లో తుఫాను జాడ చూస్తుంది. రెండూ ఒకచోట ఇమడవు. ఒకటి పడితే రెండోదాన్నీ పడేస్తుంది.

"పాతది తీసెయ్" అన్నాడు పట్నం అధికారి ఇర్వాన్, కిందటి నెల.

తీయలేదు.

ఆ ఒక్క కంప్యూటర్లోనే మూడు వర్చువల్ మెషీన్లు పెట్టింది. ఒక్క ఇంట్లో మూడు వాటాలు — ఎవరి తలుపు వాళ్లది, ఎవరి పొయ్యి వాళ్లది. పాతదానికొకటి. కొత్తదానికొకటి. పడవల రేడియోకొకటి.

ఇవాళ తనిఖీకొచ్చిన ఇర్వాన్ చూశాడు.

"చెబితే అర్థం కాదా నీకు?"

"అర్థమైంది సార్. గాలికి ఇంటర్నెట్ పోయినా తీగ ఉంటుంది. అందుకే తీయలేదు."

"ఆ పాత మెషీన్ ఆపు. నా ముందే."

"ఆపను."

గొంతు పెంచలేదు. మౌస్ మీంచి చెయ్యి మాత్రం తీయలేదు.

మధ్యాహ్నానికి పడమర నల్లబడింది. గాలి... గాలి మీద గాలి. ఇంటర్నెట్ తెగింది. కొత్త ప్రోగ్రాం బిగుసుకుపోయింది.

దాని వాటాలో అది పడింది. పక్క వాటా కదల్లేదు.

పాతది చదువుతూనే ఉంది. నీళ్లు లేస్తున్నాయి... ఇంకా లేస్తున్నాయి...

సురియాని సైరన్ నొక్కింది. రేడియో అందుకుంది.

"వచ్చేయండి. చేపలెక్కడికీ పోవు. ముందు మీరు రండి."

పడవలు వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి. తడిసి ముద్దయిన మనుషులు, గాలిని తిట్టుకుంటూ, నవ్వుకుంటూ.

దాయెంగ్ సిక్కి పడవ రాలేదు. చిన్నప్పుడు సురియానికి ఈత నేర్పిన పెద్దాయన.

కరెంటు పోయింది. బ్యాటరీ సగానికి దిగింది. వెళ్లే దారి లేక ఇర్వాన్ గోడకానుకుని నిలబడ్డాడు.

"వచ్చేశారుగా. ఛార్జింగ్ దాచు, అన్నీ ఆపెయ్."

"అందరూ రాలేదు."

"ఒక్క ముసలాయన కోసం—"

"ఆయనకో పేరుంది సార్."

బిగుసుకున్న కొత్త మెషీన్ మూసేసింది. అతని ముందే. మిగిలిన ఛార్జింగంతా పాతదానికి, రేడియోకి.

ఇర్వాన్ గోడ వదిలి తెర దగ్గరికొచ్చాడు.

"దాయెంగ్... రేవులో మనవాళ్లు టార్చీలు పట్టుకుని నిలబడ్డారు. ఆ వెలుగు చూసుకుంటూ రా. నీళ్లింకా గట్టు దాటలేదు. నేను చూస్తూనే ఉన్నా."

బరబర. రేడియోలో ఒట్టి బరబర.

మళ్లీ చెప్పింది.

బరబర లోపల దగ్గులాంటిదేదో... అల చప్పుడేమో.

"అది ఆయనేనా?" ఇర్వాన్ అడిగాడు, నెమ్మదిగా.

ఆమె రేడియో మరికాస్త దగ్గరికి లాక్కుంది.

"సరే దాయెంగ్. దగ్గు. దగ్గుతూనే ఉండు. నేను వింటున్నా."