అసలు పాట, కొసరు పాట

ఆ లాండ్రీలో మధ్యాహ్నం భోజనాలయ్యాక పోటీ మొదలవుతుంది. పెద్ద మెషిన్లు రెండూ గిరగిరా తిరుగుతుంటాయి, బట్టలు తెచ్చేవాళ్ల తాకిడి కాస్త తగ్గుతుంది. అప్పుడు ఇస్త్రీ చేసే మేస్త్రిగారి బావమరిది, ఆ మెషిన్లు నడిపేవాడు, ఫోన్‌ని గోడమీది స్పీకరుకి కలిపి ఒక పాత పాట పెడతాడు. అది అవగానే అదే పాటని ఇంకెవరో, ఇంకెక్కడో, వాళ్లకి తోచినట్టు మళ్లీ పాడింది పెడతాడు. విన్నవాళ్లు తలా ఒక హేంగరు తీసుకుని, మొదటిది నచ్చితే కిటికీ వైపు కడ్డీకి, రెండోది నచ్చితే తలుపు వైపు కడ్డీకి తగిలించాలి. బట్టల కోసం వచ్చి నిలబడ్డవాళ్లకి కూడా ఓటుంది. అందుకే కొందరు పనిగట్టుకుని ఆ వేళకే వస్తారు.

మేస్త్రి ఓటు ఎటు పడుతుందో అక్కడ వేలాడే కోట్లకి కూడా తెలుసు. షాపు ఆయనదే, ఇస్త్రీ ఆయనదే, పిడివాదం కూడా ఆయనదే. మొదట పాడినదానికి ‘అసలు’ అనీ, మళ్లీ పాడినదానికి ‘కొసరు’ అనీ పేర్లు పెట్టింది ఆయనే.

“కొసరు వేస్తే సంతోషిస్తాంరా, కాదనను. కానీ కొసరుతోనే వంటంతా చేస్తామంటే ఎలా?” అనేవాడు ఆవిరి మధ్య నుంచి.

“మీరు పాట వినట్లేదు బావా, దాని పుట్టిన తేదీ చూస్తున్నారు,” అనేవాడు బావమరిది.

మేస్త్రి దగ్గర ఇంకో సాక్ష్యం కూడా ఉండేది. ఆయన చెయ్యి పాటతో పాటు నడుస్తుంది. హుషారు పాటకి ఇస్త్రీ పెట్టె చకచకా పోతుంది, నెమ్మది పాటకి నింపాదిగా పోతుంది. ఒకసారి ఎవడో మంచి చురుకైన పాటని జోలపాటలా సాగదీసి పాడితే, ఆ సాగదీతకి చెయ్యి ఆగిపోయి ఒక తెల్ల చొక్కా కాలరు కమిలిపోయింది. కొసరు పాటలు ఒంటికి మంచివి కావని ఆ రోజు నుంచి ఆయన తీర్మానం.

అయితే ఒకటి చెప్పుకోవాలి. ఆయన మొహమాటానికి ఓటు వేసే రకం కాదు. ఎదురుగా ఉన్న క్లినిక్ పళ్ల డాక్టరు ఒకసారి తన కూతురు పాడిన పాట పట్టుకొచ్చి, మురిసిపోతూ వినిపించాడు. మేస్త్రి హేంగరు తీసుకెళ్లి కిటికీ వైపు తగిలించడమే కాక, ఆ పిల్ల ఎక్కడెక్కడ శ్రుతి తప్పిందో ఏకరువు పెట్టాడు. డాక్టరు అలిగి చాలా రోజులు ఈ గుమ్మం తొక్కలేదు. తరవాత వేరే చోట ఇచ్చిన ప్యాంట్లకి రెండేసి మడతలు పడేసరికి, మూతి ముడుచుకునే తిరిగొచ్చాడు.

కౌంటరు దగ్గర కూర్చునేది మేస్త్రి భార్య. బట్టల మీద మరకలు వెతకడం, ఊడిన బొత్తాలు కుట్టడం ఆవిడ పని. ఒకప్పుడు ఈ షాపులో స్పీకరు అవసరం ఉండేది కాదు, ఆవిడే పాడేది. సన్నటి గొంతు, మెషిన్ల రొదని కూడా దాటుకుని వీధిలోకి వినపడేది. తరవాత గొంతులో గడ్డ లేచింది, ఆపరేషను అయింది, ప్రాణానికేమీ కాలేదు. గొంతు మాత్రం బాగా కిందికి దిగిపోయింది. ఫోనెత్తితే అవతలివాళ్లు “సార్” అంటారు. ఆవిడ కూడా నవ్వేసి “చెప్పండి” అంటుంది. పాడుకోవచ్చని డాక్టర్లు చెప్పినా మళ్లీ పాట ఎత్తలేదు. అడిగితే బాధపడుతుందేమోనని మేస్త్రి అడగలేదు. అడగకపోవడం తన మంచితనమని ఆయన గట్టి నమ్మకం.

ఆ రోజు పోటీకి డాక్టరూ, స్కూలు బస్సు నడిపే డ్రైవరమ్మా ఉన్నారు. బావమరిది వాలకమే తేడాగా ఉంది. ఫోను రెండుసార్లు జారవిడిచాడు. చివరికి పాట పెట్టాడు. వానలో బయటికెళ్లిన మనిషి కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూసే అమ్మాయి పాట అది. అది మేస్త్రి భార్య పాట. పెళ్లయిన కొత్తలో ఆవిడ పాడితే ఇరుగుపొరుగు కిటికీలు తెరుచుకునేవి.

“ఆ పాట ఇప్పుడెందుకురా?” అన్నాడు గొంతు తగ్గించి.

“పోటీ అన్నాక అన్ని పాటలూ ఉంటాయి బావా,” అన్నాడు వాడు మెషిను వైపు తిరిగి. కౌంటరు దగ్గర ఆవిడ తలెత్తకుండా బొత్తాం కుట్టుకుంటోంది.

అసలు పాట అయింది. రెండోది మొదలైంది. ఒక్క గిటారు, దాని మీద లోతైన ఆడగొంతు. డ్రైవరమ్మ మెడ స్పీకరు వైపు తిప్పి వింది. రెండో లైనులో ఆ పాడేమనిషి మాట మధ్యలో చిన్నగా ఊపిరి తీసుకుంది. ఎవరూ తీసుకోని చోట. ఈ లోకంలో అక్కడ ఊపిరి తీసుకునే మనిషి ఒక్కతే, ఆ అలవాటు మానమని మేస్త్రి పెళ్లయిన కొత్తలో తన భార్యని ఏడిపించేవాడు.

ఆయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, ప్లగ్గు పీకేశాడు. ఈ అక్కాతమ్ముళ్లిద్దరూ తనకి తెలీకుండా ఎప్పుడు రికార్డు చేశారో! అంతకంటే, మొన్నటికి మొన్న ఎవరితోనో తను అన్న మాట చెవిలో మోగింది: గొంతు మారిపోయాక అది పాట ఎలా అవుతుందండీ, వట్టి ఆనవాలు గానీ. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఇక్కడే, ఈ కుర్చీలోనే ఉంది. ఇలాంటివి తను రోజూ అంటూనే ఉన్నాడు. ఆమె నోటికి తాళం వేసింది ఆపరేషను కాదు, తనే. సిగ్గుతో మేస్త్రికి చెవులు వేడెక్కాయి.

పాట అయిపోయింది. ఇప్పుడు ఓటు వెయ్యాలి. కిటికీ వైపు తగిలిస్తే ఆమె ఇక జన్మలో పాడదు. తలుపు వైపు తగిలిస్తే, ఏనాడూ కొసరుకి వెయ్యనివాడు ఇవాళే వేశాడంటే జాలిపడ్డాడనుకుంటుంది, అప్పుడూ పాడదు.

డాక్టరు హేంగరు కిటికీ వైపు తగిలించాడు. “నాకు మొదటిదే అలవాటండీ,” అన్నాడు. డ్రైవరమ్మ తలుపు వైపు తగిలిస్తూ, “ఈవిడెవరో గానీ నా పక్కన కూర్చుని చెప్పుకున్నట్టుంది,” అంది. బావమరిది రెండు చేతులూ తువ్వాలుతో తుడుచుకుంటూనే ఉన్నాడు. కౌంటరు దగ్గర సూది ఆగిపోయింది.

మేస్త్రి తనకి అలవాటైన పనే చేశాడు. విన్నది విన్నట్టు చెప్పాడు.

“అసలు పాటలో ఆ అమ్మాయి భయపడుతూ పాడింది. వాడొస్తాడో రాడో తెలీదు కదా. బాగా పాడింది, కాదనను. ఈవిడకి ఆ భయం లేదు. వాడు ఇప్పటికి చాలాసార్లు తడిసి వచ్చాడు, ఈవిడ చాలాసార్లు తువ్వాలు అందించింది. వస్తాడని తెలిసి కూడా గుమ్మంలో నిలబడింది చూడండి, అది వేరు. ఆ పాటలో అంత ఉందని నాకిన్నేళ్లూ తెలీలేదు.” అని హేంగరు తీసుకెళ్లి తలుపు వైపు తగిలించాడు.

డాక్టరు నోరు తెరిచాడు. బావమరిది తువ్వాలు కింద పడేశాడు.

“జాలిపడి వేసినట్టున్నారు,” అంది ఆవిడ, తలెత్తకుండానే.

“జాలా, నా మొహమా! రెండో చరణంలో ఎంత తొందరపడిందని! వెనకాల ఎవరో తరుముతున్నట్టు పాడేసింది. అక్కడ నా హేంగరు దాదాపు కిటికీ వైపు వెళ్లిపోయింది.”

ఆవిడ ఒంటికాలి మీద లేచింది. “నేనా తొందరపడింది? గిటారు పట్టుకుని పరిగెత్తింది ఈ వెధవ! వాడి వెనకాల పడలేక ఆయాసంతో చచ్చాను నేను!”

అందరి తలలూ కౌంటరు వైపు తిరిగాయి. ఆవిడ నోరు మూసుకుంది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

“పాడింది మీరా అమ్మా?” అంది డ్రైవరమ్మ.

“నేనే. అయితే ఏంటిట?”

“అక్కా, గిటారు నాకు నేర్పినవాడే అలా...” అని బావమరిది నసిగాడు.

“నువ్వు మాట్లాడకు. ఏమండీ, గిటారు లేకుండా వినండి. ఎవరు తొందరపడ్డారో మీకే తెలుస్తుంది.”

అలా కోపంగా, చేతిలో సూదీ దారం అలాగే పట్టుకుని, ఆవిడ రెండో చరణం ఎత్తుకుంది. మొదట్లో గొంతు కొంచెం గీసుకుంది. ఆగలేదు. కోపం తగ్గుతున్నకొద్దీ పాట కుదురుకుంది. ఆఖరి లైనుకి వచ్చేసరికి మొహంలో కోపం లేనే లేదు. ఆ కింది గొంతుకి మెషిన్ల రొదని దాటే బలం లేదు, అందుకని అందరూ కౌంటరు దగ్గరికి జరిగారు. ఈ పాట కోసం తను ఎంత మొహం వాచిపోయి ఉన్నాడో మేస్త్రికి అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకున్నాడు, ఆవిరి మీద నెట్టే వీలు కూడా లేదు, పెట్టె ఎప్పుడో చల్లారిపోయింది.

“తొందర నీది కాదు,” అన్నాడు. “తప్పంతా వాడిదే. మొదటి చరణం కూడా ఒక్కసారి...”

“డాక్టరుగారు చొక్కాల కోసం నిలబడ్డారు, ముందు అది కానివ్వండి,” అంది ఆవిడ, దారం కొరికి బొత్తాం సరిచూసుకుంటూ. “మొదటి చరణం ఇంటికెళ్లాక పాడతాను.”