సుభాషిణి కార్డు

నేను ఒక కంప్యూటర్ని, అదీ కలగూరగంప రకం. గుంటూరులో ఒక దుకాణంవాడు పాత కంప్యూటర్ల విడిభాగాలు పోగేసి నన్ను నిలబెట్టాడు. కొన్నాళ్ళు ట్యూషన్ సెంటర్లో పిల్లల మార్కులు మోశాను. వాళ్ళు కొత్తది కొనుక్కోగానే చీరాలలో, మునిసిపల్ ఆఫీసు ఎదురుగా ఉన్న డీటీపీ షాపుకి చేరాను.

షాపు వీరరాఘవులుది. టైపు చేసేది ఆయన భార్య సుభాషిణి. పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్లు, పెద్దకర్మలు, అన్నీ ఆమె చేతి మీదుగానే. ఈ పనిలో ఏ కార్డునీ మొదటినుంచి కొట్టరు. పాతది తెరిచి పేర్లూ తేదీలూ మారుస్తారు, అంతే. ఒకరి పెళ్ళిలోంచి ఇంకొకరి పెళ్ళి, ఒకరి చావులోంచి ఇంకొకరి చావు. ఎవరి కష్టం వాళ్ళకి కొత్త. నాకు మాత్రం అన్నిటికీ ఒకటే కొలత.

కస్టమర్ల పెన్‌డ్రైవ్‌ల వైరస్ తగిలి నేను మూలపడితే, సుభాషిణి తమ్ముడు మురహరి వచ్చి, డబ్బు కట్టక్కర్లేని లినక్స్ సిస్టమ్ ఎక్కించాడు. పాత ఫైళ్ళు దక్కాయి గానీ, కార్డులు చేసే పాత సాఫ్ట్‌వేర్ దీంట్లో నడవదు.

"ఊరికే ఇచ్చేది గట్టిగా ఉంటదంటావా?" అని రాఘవులు గొణిగాడు.

కార్డులు చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలో ఇంకా తేలకముందే సుభాషిణి గుండెపోటుతో పోయింది. నాకేమీ అనిపించలేదు. మైలలో షాపు తెరవకూడదని పెద్దలు చెప్పినా వినకుండా రాఘవులు వచ్చి నా ముందు కూర్చున్నాడు. ఆయనకీ ఏమీ అనిపిస్తున్నట్టు లేదు. కన్ను చెమర్చలేదు, మాట వణకలేదు.

తెల్లారితే ఆమె పెద్దకర్మ కార్డులు పంచాలి.

"బయట వేయిద్దాం బావా," అన్నాడు మురహరి.

"వద్దు. మీ అక్క కార్డు ఇక్కడే అవ్వాల."

మురహరి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు మూడు ఎక్కించి, సుభాషిణి ఎప్పుడో చేసిన ఒక పెద్దకర్మ కార్డును ఒక్కోదాంట్లో తెరిచాడు. మొదటిది చిటికెలో తెరుచుకుంది గానీ, ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. రెండోదాంట్లో నల్ల అంచు మాయమై, ఫోటో చోటు పేర్ల మీదికి జరిగింది. మూడోది నా శక్తికి మించిన బరువు. ఎద్దు గట్టెక్కినట్టు ఎక్కాను. టీ తాగి వచ్చేంతసేపటికి కార్డు తెర మీదికి వచ్చింది. అంచు, ఒత్తులు, ఫోటో చోటు, అన్నీ కుదురుగా ఉన్నాయి.

"ఇది మరీ నిదానం బావా. దీంతో రోజూ పనేం చేస్తావు? తేలికది ఇంకోటి చూద్దామా?"

"ఇదే ఉంచు. మీ అక్క పెట్టినయ్యి పెట్టినచోటే ఉన్నాయి దీంట్లో."

ఎవరిదో పేరు చెరిపి, ఒంటివేలితో భార్య పేరు కొట్టాడు. ఫోటో పెట్టాడు. 'దుఃఖతప్త హృదయాలతో' అన్నచోట తన పేరు కొట్టి ప్రింటుకి ఇచ్చాడు. ఆయన వేళ్ళు చెప్పిన పని చేశాయి. నేనూ చెప్పిన పని చేశాను.

మురహరి ఒక కార్డు తీసుకుని చివరిదాకా చదివి ఆగిపోయాడు. ఆ షాపు చేసిన ప్రతి కార్డుకీ అడుగున సన్నటి అక్షరాలతో టైపు చేసినవాళ్ళ పేరుంటుంది. పాత కార్డులోని ఆ వరసను ఎవరూ మార్చలేదు.

"బావా... కింద చూశావా? 'టైపింగ్: సుభాషిణి' అని ఉంది. తీసేసి మళ్ళీ వేద్దామా?"

రాఘవులు కార్డు కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎట్టా తీస్తాంరా? కొట్టింది అదేగా," అన్నాడు.

ఆ మాటతో ఏడుపు ముంచుకొచ్చింది. నా కీబోర్డు మీద తల పెట్టి బావురుమన్నాడు. ఆయన నుదురు ఆనినచోట నొక్కుకుపోయిన ఒకే అక్షరం, తెర మీద వరస తర్వాత వరసగా పడుతూ పోయింది. మురహరి నన్ను ఆపలేదు.