పట్టని బ్రేకు

మూడేళ్లుగా పాకలో పడున్న పికప్ వ్యాన్‌ని బందరు మెకానిక్ సలాం రెండు రోజులు కుస్తీపట్టి స్టార్ట్ చేశాడు. చేపల రవాణాకి మళ్లీ తన బండి దొరికిందని అంకమ్మరావు మురిసిపోతూ పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ మురిపెం కరకట్ట దిగేదాకానే.

వాలులో సలాం బ్రేకు తొక్కాడు. పాకలో తొక్కి చూసినప్పటిలాగే పెడల్ గట్టిగా ఉంది, బండి మాత్రం ఆగలేదు. హ్యాండ్‌బ్రేకు లాగినా లాభం లేకపోయింది. ఎదురుగా కాలవ. గేరు తగ్గించి, స్టీరింగు ఇసుక కుప్ప మీదికి తిప్పాడు. కాలవకి రెండు బారల ఇవతల బండి కూరుకుపోయి ఆగింది.

వెంటనే దిగి సలాం బండి కిందికి దూరాడు. బ్రేక్ ఆయిల్ నిండుగా ఉంది. పైపులు ఎక్కడా కారడం లేదు. మరెందుకు పట్టలేదు? విసుగ్గా చక్రం ఊడదీసి బ్రేకు డ్రమ్ము లాగాడు. గుప్పున చేపల కంపు కొట్టింది. లోపల బ్రేకు పట్టే చోటంతా జిడ్డు ఓడుతోంది.

"ఇదేంటి బాబాయ్?"

"చేప నూనె. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఏటా పడవకి రాసేటప్పుడు దీనికీ రాశాను. చక్రాలిప్పి లోపల కూడా," అన్నాడు అంకమ్మరావు, కాస్త గర్వంగానే.

సలాం జిడ్డు వేళ్లు లుంగీకి తుడుచుకుంటూ కాలవకేసి చూశాడు.

"పడవకి బ్రేకులుండవు బాబాయ్."